సముద్రపు అడుగు: బొమ్మ గీస్తే సరిపోతుందా?



మీ బాబు లేదా పాప సోషల్ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. సముద్ర భూతలం పాఠం దగ్గర చక్కటి బొమ్మ ఒకటి ఉంటుంది. ఖండతీరపు అంచు, ఖండతీరపు వాలు, మహాసముద్ర మైదానం, అగాధ దరి అని నాలుగు బాణం గుర్తులు, నాలుగు పేర్లు, పైన నీలం రంగు. పరీక్షలో ఆ బొమ్మ దించితే మార్కులు పడతాయి. ఇప్పుడు నోట్‌బుక్ మూసి ఒక్క ప్రశ్న అడగండి: "అక్కడ అలా ఉందని మనకెలా తెలిసింది?" చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఎందుకంటే మనం వాళ్లకు పేర్లు నేర్పాం, తెలుసుకునే పద్ధతి నేర్పలేదు.

ఈ పాఠాన్ని బొమ్మ దగ్గరే ఆపేయడం పిల్లలకు నష్టమని నా అభిప్రాయం. కనీసం రెండు పీరియడ్లు కొలిచే పనికి ఇవ్వాలి.

దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఖాళీ చెప్పుల డబ్బా చాలు. లోపల బంకమట్టితో కొండలు, లోయలు చేసి మూత అంటించేయాలి. మూత మీద రెండేసి సెంటీమీటర్ల దూరంలో వరుసగా రంధ్రాలు పెట్టాలి. పిల్లలు ఒక్కో రంధ్రంలో చీపురు పుల్ల దించి, ఎంత లోతుకు దిగిందో స్కేలుతో కొలిచి, గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెడతారు. చుక్కలు కలిపితే కంటికి కనపడని అడుగు కాగితం మీదకు వస్తుంది. చివర్లో మూత తీసి పోల్చుకుంటారు. రెండు రంధ్రాల మధ్య ఉన్న చిన్న కొండ గ్రాఫ్‌లో పడి ఉండదు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. 2025 నాటికి కూడా ప్రపంచ సముద్రాల అడుగులో నేరుగా కొలిచి వివరంగా మ్యాప్ చేసింది నాలుగో వంతుకు కాస్త ఎక్కువే. మిగతాది చాలావరకు ఉపగ్రహాల సాయంతో వేసిన స్థూలమైన అంచనా.

ఒకప్పుడు ఓడలవాళ్లు తాడుకు సీసపు గుండు కట్టి లోతు చూసేవారు. ఇప్పుడు ఆ పని ధ్వని చేస్తోంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది. ప్రతిధ్వని 4 సెకన్లకు తిరిగొస్తే, వెళ్లడానికి 2, రావడానికి 2. అంటే లోతు 3,000 మీటర్లు. ఈ లెక్క ఫిజిక్స్ నోట్‌బుక్‌లో ఉంటుంది, బొమ్మ సోషల్ నోట్‌బుక్‌లో ఉంటుంది. రెండూ ఒకే విషయమని పిల్లలకు చెప్పేవాళ్లు కావాలి.

మేరీ థార్ప్ గురించీ చెప్పాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు. 1950ల మొదట్లో అమెరికాలో పరిశోధక ఓడల మీదకు మహిళలను రానిచ్చేవారు కాదు. ఆమె ఆఫీసులోనే కూర్చుని, ఓడలు తెచ్చిన లోతుల అంకెలను గీతలుగా మార్చింది. అట్లాంటిక్ నడుమ ఉన్న పర్వతశ్రేణి శిఖరం వెంబడి ఒక లోయ బయటపడింది. తోటి శాస్త్రవేత్త మొదట కొట్టిపారేశాడు. భూకంపాలు కూడా ఆ లోయ వెంబడే వస్తున్నాయని తేలాక ఒప్పుకోక తప్పలేదు. ఖండాలు కదులుతాయన్న ఆలోచనకు ఆ పని బలమైన ఆధారమైంది.

"మేం ఉండేది హైదరాబాద్‌లో, సముద్రంతో మాకేం పని?" అని మీరు అడగవచ్చు. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఉన్నది హైదరాబాద్‌లోనే. 2004 డిసెంబర్ 26 సునామీ మన తీరంలోనూ ప్రాణాలు తీసింది. ఆ తర్వాత 2007లో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సునామీ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4,000 మీటర్ల లోతులో అది గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో, దాదాపు విమానంలా వెళ్తుంది. 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి 36 కిలోమీటర్లకు తగ్గుతుంది, అల మాత్రం పైకి లేస్తుంది. అడుగు లోతు తెలియకపోతే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ ఊరికి అల ఎప్పుడు చేరుతుందో లెక్కకట్టలేం. నోట్‌బుక్‌లోని ఆ బొమ్మ వెనుక మనుషుల ప్రాణాలున్నాయి.

వీక్లీ టెస్టులు, ఫౌండేషన్ క్లాసుల మధ్య రెండు పీరియడ్లు పోతే సిలబస్ వెనకబడుతుందన్న మీ భయం న్యాయమైనదే. కానీ గ్రాఫ్, స్కేలు, వేగం, ప్రతిధ్వని అన్నీ సిలబస్‌లో ఉన్నవే. చేతులతో చేసిన లెక్క పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది.

అందుకే మీకు మూడు విన్నపాలు. ఈసారి స్టేషనరీ షాపులో రెడీమేడ్ థర్మోకోల్ మోడల్ కొనకండి. ఒక ఆదివారం డబ్బాలో మట్టి మీరు పెట్టండి, కొలతలు పిల్లల్ని తీయనివ్వండి. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయని అడగడంతోపాటు, ఈ నెల ఏం కొలిచారని కూడా టీచర్‌ను అడగండి. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు టైమ్‌టేబుల్‌లో చోటు తప్పకుండా దొరుకుతుంది.