డౌటు – ఒక మూగ అక్షరము

“సార్, ఒక డౌటు!” అను మాట మన తరగతి గదులలో వినిపించని రోజులే ఎక్కువ. పాఠము ముగిసిన పిదప వసారాలో ఒకరినొకరము అడుగుకొంటాము గాని, అధ్యాపకుల ఎదుట నోరు విప్పము. ఈ మౌనమునకు కారణము వెదకుచు మేము ఆ మాట పుట్టుకనే పరిశీలించినాము.

‘డౌట్’ ఫ్రెంచి భాష నుండి ఇంగ్లీషులో ప్రవేశించినది. దాని మూలము లాటిన్‌లోని ‘డుబిటారే’. రెండు అను అర్థముగల ‘డువో’ శబ్దముతో దానికి బంధుత్వము కలదు. రెండు త్రోవల నడుమ నిలిచిన మనస్సే సందేహము. అరబ్బీ నుండి ఉర్దూకు వచ్చిన ‘తజబ్జుబ్’కు మూలార్థము ఇటునటు ఊగుట. తెలుగులో ‘ఊగిసలాట’ అన్నను అదే చిత్రము.

పాత ఫ్రెంచిలో ఈ మాటకు భయమను అర్థము కూడ ఉండెడిది. ఇంగ్లీషు ‘రిడౌటబుల్’లో ఆ భయము నేటికీ మిగిలియున్నది. మన ‘శంక’లోను సందేహము, భయము రెండును కలవు.

ఇక ఆ పదములోని ‘బి’ అక్షరము కథ మరింత విచిత్రము. ఫ్రెంచి నుండి వచ్చినపుడు అది లేదు. లాటిన్‌పై గౌరవముతో పండితులు తెచ్చి చేర్చినారు. ప్రజల నాలుక దానిని స్వీకరించలేదు. 1598లో అచ్చయిన షేక్స్‌పియర్ నాటకము ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో హోలోఫెర్నీజ్ అను ఉపాధ్యాయుడు ‘బి’ని పలుకనివారిపై మండిపడతాడు. అయినను నేటికీ అది వ్రాతలో ఉన్నది, పలుకులో లేదు.

మాలో చాలమందిమి ఆ ‘బి’ వంటివారమే. హాజరు పట్టీలో ఉంటాము, తరగతిలో వినిపించము. ఉర్దూ, తెలుగు మాధ్యమముల నుండి వచ్చిన మాకు ప్రశ్న తోచక కాదు. దానిని ఇంగ్లీషులో అడుగబోయి తప్పు దొర్లితే నవ్వుతారను భయము.

కావున వారమునకు ఒక పీరియడు సందేహములకే కేటాయించి, ఉర్దూలో గాని తెలుగులో గాని అడుగుటకు అవకాశమీయవలెనని కళాశాల కమిటీవారిని సవినయముగా కోరుచున్నాము. ఇంగ్లీషును తగ్గించమని మా కోరిక కాదు. సమాధానము ఇంగ్లీషులో వచ్చినను మాకు మేలే. ప్రశ్న మాత్రము గొంతు దాటవలెను.

సోదర విద్యార్థులకు కూడ ఒక మనవి. ఇంగ్లీషువారికి ‘డౌట్’ అనగా ముఖ్యముగా నమ్మకలేమి. మన దేశపు తరగతులలో అది తెలియనిదానిని అడుగు ప్రశ్నగా మారినది. ఇంత మంచి అర్థమును ఆ మాటకు ఇచ్చినవారము, అడుగుటకు లేచిన తోటివానిని చూచి నవ్వరాదు.