చవక కారైతే ప్రాణమూ చవకేనా?

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర, నారాయణగూడ చౌరస్తాలో, అశోక్‌నగర్ టీకొట్ల ముందు కార్లున్నవాళ్లు టాటా నానో మాటెత్తితే రెండు వాదనలు వస్తాయి. "భద్రత లేక దెబ్బతింది" అనేది ఒకటి. "పేదవాడి కారన్న పేరే ముంచింది" అనేది రెండోది.

2008లో రతన్ టాటా ఆవిష్కరించిన ఈ లక్ష రూపాయల కారు 2009లో రోడ్డెక్కింది. స్కూటరు మీద ఇరుక్కుని వెళ్లే కుటుంబాల కోసమే దీన్ని తలపెట్టారు. కానీ కొన్ని కార్లకు మంటలంటుకున్నాయి. 2010 నవంబరులో అమ్ముడైనవి 509 మాత్రమే. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టించి చూస్తే ఒక్క నక్షత్రమూ రాలేదు. 2018లో తయారీ దాదాపు ఆగిపోయింది.

అయితే ఆ పరీక్షలో ఎయిర్‌బ్యాగుల్లేని ఆల్టో 800, ఐ10, ఫిగో, పోలోలకూ సున్నాయే వచ్చింది. అయినా ఆల్టో బాగానే అమ్ముడుపోయింది! కాబట్టి నానోను ముంచింది మంటలే కాదు, 'చవక' అన్న ముద్ర కూడా. 'హాస్టల్ పిల్లలు' అన్న ముద్ర మోసిన మనకు ఆ బాధ తెలియనిది కాదు.

కానీ ముద్ర చెరిపితే చాలదు. అదే కంపెనీ నెక్సాన్ 2018లో అయిదు నక్షత్రాలు సాధించింది. అంటే చేతకాక కాదు. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి కావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. అంతవరకు భద్రత డబ్బున్నవాడి సొత్తే.

మనలో రేపటి ఇంజనీర్లు, అధికారులు ఉన్నారు. వారికి నా విన్నపం ఒక్కటే. ధర తగ్గించండి, ప్రాణం విలువ తగ్గించకండి!