ఆటలో మన అక్షరం

విద్యార్థులు సెల్‌ఫోన్లలో ఆటలాడుతున్నారని చింతించే పెద్దలతో నాకు ఏకీభావం లేదు. ఆడుతున్నారే గాని నిర్మించడం లేదన్నదే నా చింత. 1999లో వెలువడిన ‘కౌంటర్ స్ట్రైక్’ ఇద్దరు యువకులు మరొక ఆటను మార్చి కూర్చినదే. పరికరాలకూ కొరత లేదు. అర్జెంటీనాలో పుట్టిన ‘గోడో’ అనే ఆటల నిర్మాణ సాధనం 2014 నుండి అందరికీ ఉచితం. దాని మూలరచన సైతం బహిరంగమే.

అయితే చిరకాలం అందులో మన రెండు భాషలకూ చోటు లేకపోయింది. తెలుగు ఒత్తులు అక్షరం కిందికి చేరక విడిగా నిలిచేవి. ఉర్దూ అక్షరాలు పరస్పరం కలుసుకోక, ఎడమ నుండి కుడికి నడిచేవి. తెలుగు బోధించేవాడి కంటికి అంతకంటె నలుసు వేరొకటి ఉండదు! 2023 మార్చిలో వచ్చిన నాలుగవ రూపంలో ఈ లోపం తీరింది. తగిన ఖతిని జతపరిస్తే చాలు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ వృద్ధులకు నేటికీ జ్ఞాపకమే. తుపాను హెచ్చరిక అందిన పల్లెను వేళకు ఖాళీ చేయించే ఆటను తెలుగులోనూ ఉర్దూలోనూ మన బందరు విద్యార్థులే కూర్చరాదా? కళాశాల సంఘంవారు వారానికి రెండు గంటలు కంప్యూటర్ గదిని ఇందుకు కేటాయించవలెనని నా విన్నపం. తెలుగు సంభాషణలు దిద్దే పని నాది. ఉర్దూ శాఖ మిత్రులు తమ వంతుకు వెనుదీయరని నమ్ముతున్నాను.