కరెంటు పెట్టించుకుంటే సరిపోతుందా?

ఫిజియోథెరపిస్టులు పేరుకి ముందు 'డాక్టర్' అని రాసుకోవచ్చా, కూడదా? 2025 సెప్టెంబరులో దీనిమీద పెద్ద చర్చే జరిగింది. రాసుకోకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒక లేఖ ఇవ్వడం, అంతలోనే దాన్ని వెనక్కి తీసుకోవడం పత్రికల్లో చదివాం. రెండు వైపులా గట్టిగానే వాదించుకున్నారు. నాకు కావలసిన ప్రశ్న మాత్రం ఆ వాదనల్లో కనిపించలేదు. పేరు ముందు ఏమున్నా సరే, నొప్పితో వెళ్ళిన మనిషికి ఆ గదిలో అసలేం చేస్తున్నారు?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. నలభై ఎనిమిదో ఏట నాకు కుడి తుంటి పక్కన నొప్పి పట్టుకుంది. ఆ వైపు ఒత్తిగిలితే నిద్ర పట్టదు. బస్సు మెట్టు ఎక్కాలంటే కమ్మీ పట్టుకుని ఊపిరి బిగబట్టాలి. "వయసు వచ్చింది కదా" అన్నారు ఇంట్లో. అత్తగారు నువ్వులనూనె కాచి ఇచ్చారు. ఏడాది అలాగే ఓర్చుకున్నాను.

ఆ తర్వాత ఒక క్లినిక్‌లో పదిహేను రోజులు 'కరెంటు' పెట్టించుకున్నాను. పడుకోబెట్టి, ప్యాడ్లు అంటించి, మెషిన్ ఆన్ చేసి వెళ్ళిపోయేవారు. పావుగంటకి అది కుయ్‌మనేది. లేచి డబ్బు కట్టి వచ్చేసేదాన్ని. ఆ కాసేపూ హాయిగానే ఉండేది. ఇంటికొచ్చి కుక్కర్ పెట్టేసరికి నొప్పి మళ్ళీ హాజరు! అది ఎందుకొచ్చిందో ఆ పదిహేను రోజుల్లో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

చివరికి వేరేచోట ఒక అమ్మాయి, "ఆంటీ, వంట చేసేటప్పుడు ఎలా నిలబడతారో ఒకసారి చూపించండి" అంది. నిలబడ్డాను. బరువంతా కుడికాలి మీద వేసి, తుంటి పక్కకి తోసి! చంటిపిల్లల్ని ఎత్తుకున్నప్పటి నుంచీ అదే అలవాటు. అప్పుడు చెప్పింది. తుంటి పక్కన చేత్తో తడిమితే తగిలే ఎముక ఉందే, పిర్ర కండరాలు టెండాన్లతో దానికే అతుక్కుని ఉంటాయి. ఒంటికాలి మీద వాలి నిలబడినా, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా ఆ టెండాన్లు ఎముకకి ఒత్తుకుంటాయి. బలం తగ్గిన కండరం ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. నలభై దాటిన ఆడవాళ్ళలో ఈ నొప్పి మగవాళ్ళలో కంటే ఎక్కువట.

చికిత్స వినడానికి చాలా మామూలుగా ఉంది. రెండు కాళ్ళమీదా సమానంగా నిలబడటం. పక్కకి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవడం. వారం వారం కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ పిర్ర, తొడ కండరాలకి వ్యాయామం. "కొద్దిగా నొప్పి వస్తే భయపడి మానకండి. మర్నాటికి ఎక్కువైతే మాత్రం తగ్గించండి" అంది. నొప్పంటే ప్రతిసారీ లోపల ఏదో చెడిపోతోందని అర్థం కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఇది ఒక్క నా అనుభవమే అయితే ఇంత రాయక్కర్లేదు. ఇలాంటి తుంటి పక్క నొప్పి ఉన్న 204 మంది మీద ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఎనిమిది వారాల తర్వాత, నొప్పి గురించి వివరంగా చెప్పి వ్యాయామం చేయించినవాళ్ళలో నూటికి 77 మంది బాగా మెరుగయ్యామన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 58 మంది, కాస్త సలహాతో సరిపెట్టి వదిలేసినవాళ్ళలో 29 మంది ఆ మాట అన్నారు. అంతకుముందే 1999లో లాన్సెట్ పత్రికలో డెన్మార్క్ పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా గజ్జల నొప్పితో బాధపడుతున్న 68 మంది క్రీడాకారుల్ని రెండు జట్లు చేశారు. కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేసిన జట్టులో 23 మంది నొప్పి లేకుండా మళ్ళీ ఆటకి వెళ్ళారు. మసాజు, లేజరు, కరెంటు చికిత్సల జట్టులో నలుగురే వెళ్ళగలిగారు.

అలాగని వ్యాయామం సర్వరోగ నివారిణి కాదు. కీలు బాగా అరిగిపోతే ఆపరేషన్ తప్పదు. కిందపడ్డాక కాలు మోపలేకపోయినా, జ్వరం, బరువు తగ్గడం, రాత్రుళ్ళు విడవని నొప్పి ఉన్నా ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి గజ్జల్లో నొప్పి వస్తే అసలు ఆలస్యం చేయకూడదు. తుంటి ఎముకకి రక్తప్రసరణ ఆగిపోవడం అందుకు కారణం కావచ్చు.

మరి మనకో చిక్కుంది. తుంటి కీలులో తేడా వస్తే నొప్పి తరచు గజ్జల్లోనే తెలుస్తుంది. 'గజ్జల్లో నొప్పి' అని పైకి చెప్పడానికి మనకి నోరు రాదు. నడుము నొప్పి అనో, కాలు నొప్పి అనో చెప్పి వచ్చేస్తాం. తప్పు చోటు చెబితే సరైన మందు ఎలా దొరుకుతుంది?

ఇక వ్యవస్థ సంగతి. మెషిన్ పెట్టి వదిలేస్తే ఒకేసారి నలుగురిని చూడొచ్చు. వ్యాయామం నేర్పాలంటే ఒక్కరికే అరగంట పడుతుంది. క్లినిక్ ఏది ఎంచుకుంటుందో వేరే చెప్పాలా? 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పుట్టినవి. రెండు నెలలు వచ్చిపోతూ నేర్చుకునే వ్యాయామం ఆ లెక్కలో ఇమడదు. కత్తి పెట్టాల్సి వచ్చేదాకా ఆగితే సాయం దొరుకుతుంది, ఆగకుండా చూసుకుంటానంటే సొంత ఖర్చు! ఫిజియోథెరపీతో సహా అనుబంధ వైద్యవృత్తుల కోసం 2021లో పార్లమెంటు చట్టం చేసింది. చదువుకీ, రిజిస్టరుకీ ప్రమాణాలు రావడం మంచిదే. కానీ ఆ అరగంటకి విలువ కట్టనంతకాలం రోగి బల్లమీద పడుకునే ఉంటుంది, మెషిన్ కుయ్‌మంటూనే ఉంటుంది.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగింది కొంత ఉంది. ఈసారి ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. నా నొప్పికి కారణం ఏమిటి? నేను ఇంట్లో ఏం చేయాలి? ఎన్ని వారాలకి తేడా తెలియాలి? జవాబు చెప్పనిచోట డబ్బు కట్టడం దండగ.

నాకు తేడా తెలియడానికి మూడు నెలలు పట్టింది. అందులో కష్టమైంది వ్యాయామం కాదండీ. రోజూ సాయంత్రం చాప పరుచుకోగానే "కాఫీ ఏదీ?" అని వినపడేది. ఇరవై నిమిషాలు ఆగమని చెప్పడం నేర్చుకోవడమే కష్టమైంది.