కారు పందెం కలవారి సొత్తు కాదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్ల పందెం మాటెత్తితే వినిపించేవి మూడే మాటలు. "అది కలిగినోళ్ల ఆట బావూ, మనకేటి పని?" అంటారు పెద్దలు. "ప్రాణాలు తీసే పిచ్చి" అంటారు హైవే మీద రోజూ ప్రమాదాలు చూసేవాళ్లు. మూడో మాట కుర్రాళ్లది: ముందు కారు మీద రెండు మూడు లక్షలు పోసి, సైలెన్సర్ మార్చి, అర్ధరాత్రి అనంతగిరి ఘాట్‌లో నాలుగుసార్లు ఎక్కిదిగితే తప్ప చెయ్యి తిరగదని. మూడూ తప్పే. రోడ్డు మీద పక్కవాణ్ని దాటేసే దూకుడునూ, మూసిన దారిలో గడియారంతో పోటీపడే క్రీడనూ ఒకటే అనుకోవడం వల్ల పుట్టిన తప్పులివి.

గడియారంతో పోటీ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఆటోక్రాస్‌లో ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి దారి గీస్తారు. కార్లను ఒక్కొక్కటిగా వదులుతారు. వేగం చాలావరకు రెండో గేరు దాటదు. కోన్ తగిలితే సెకన్లు కలుపుతారు. ట్రాక్ మీద జరిగే టైమ్ ట్రయల్‌లో కార్లను ఎడం ఇచ్చి వదులుతారు, ఎవరు ముందున్నారన్నది లెక్కలోకి రాదు, ల్యాప్‌కు పట్టిన సమయమే లెక్క. హిల్ క్లైంబ్‌లోనూ అంతే: మూసేసిన కొండదారిలో కార్లు ఒక్కొక్కటిగా పైకి వెళ్తాయి. మలుపు మలుపుకీ జెండా పట్టుకున్న మార్షల్, చేతిలో వైర్‌లెస్, పక్కన మంటలార్పే సిలిండర్, కింద అంబులెన్స్. ఇవి లేనిచోట జరిగేది క్రీడే కాదు.

ఇంగ్లండ్‌లోని షెల్స్‌లీ వాల్ష్‌లో ఈ పోటీ 1905లో మొదలైంది. ఆ కొండదారి పొడవు 1,000 గజాలు, అంటే 914 మీటర్లు. కిలోమీటరు కూడా లేదు. అక్కడ రోజూ ఆఫీసుకు తోలుకెళ్లే కార్లకూ ప్రత్యేక విభాగాలుంటాయి. మన కుర్రాళ్లు ఫోన్లలో చూసేది మాత్రం అమెరికాలోని పైక్స్ పీక్‌ను: దాదాపు 20 కిలోమీటర్లు, 156 మలుపులు, 14,115 అడుగుల ఎత్తున ముగింపు. 2018లో రొమైన్ డుమాస్ ఫోక్స్‌వ్యాగన్ వారి కరెంటు కారులో ఆ కొండను 7 నిమిషాల 57 సెకన్లలో ఎక్కాడు. చూసి ఆనందించవలసిందే. కానీ మొదలుపెట్టేవాడికి పాఠం 914 మీటర్ల దగ్గరే ఉంది.

ఇక డబ్బు మాట. కోయంబత్తూరులో ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్ల కుటుంబాల్లో లక్ష్మీ మిల్స్ వారిదొకటి. ఆ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్‌కు విదేశీ కార్లు కొనుక్కుని సరదా తీర్చుకునే స్తోమత ఉంది. ఆయన చేసింది వేరు. వీధివీధినా తిరిగే మారుతి 800 ఇంజన్‌ను, ఆ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌నే, ఒంటి సీటు రేసు కారులో బిగించాడు. అదే ఫార్ములా మారుతి. విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ఏ మెకానిక్ షెడ్‌లోనైనా విప్పొచ్చు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ మొదటి పందెం ఈ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో చిన్న విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు శివార్లలోని 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే. మారుతి 800 ఇంజన్‌తో మన దేశంలో ఒక తరం రేసు నేర్చుకున్నాక కూడా, స్విఫ్టో ఆల్టోనో ఇంట్లో పెట్టుకుని "మనకేటి పని" అనడం న్యాయం కాదు. పోటీల్లో కార్లను ఇంజన్ సైజును బట్టి, చేసిన మార్పులను బట్టి విడదీస్తారు. చిన్న కారు చిన్న కారుతోనే తలపడుతుంది.

కుర్రాళ్ల మాటకు మరింత గట్టిగా జవాబు చెప్పాలి. ఇంజన్ మీద పోసే లక్షలు మొదటి ఏడాది పూర్తిగా వృథా. సెకన్లు తగ్గేది చూపుతో, బ్రేకు నొక్కే చోటుతో, స్టీరింగ్ నెమ్మదిగా తిప్పే చేతులతో. కారులో ఖర్చు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి, వాటికి సైలెన్సర్‌కున్న మోత ఉండదు. మొదటిది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4లో అవే అంకెలు 230, 155. ఆయిల్ మరిగి ఆవిరి పుడితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు ఆగదు. కాబట్టి పోటీకి ముందు ఆయిల్ మార్చడం, ప్యాడ్ల మందం చూడడం తప్పనిసరి. తరవాత టైర్లు. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, ఏడాది చెబుతాయి. గాట్లు బాగానే కనబడుతున్నా రబ్బరు ఏళ్లు గడిచి గట్టిపడి ఉంటే దాన్ని నమ్మకూడదు. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసాలు తీసెయ్యాలి. హెల్మెట్ కొనేముందు నిర్వాహకులు ఏ ప్రమాణం అడుగుతున్నారో కనుక్కోవాలి, ఎందుకంటే కారు రేసు హెల్మెట్ లోపలి గుడ్డ మంటకు తట్టుకోవాలి, బైకు హెల్మెట్‌కు ఆ పరీక్ష లేదు. ఇంకొక సంగతి చాలామంది చదవరు: మామూలు కారు బీమా పాలసీలో రేసులకూ వేగ పరీక్షలకూ వాడకం మినహాయింపు కింద రాసి ఉంటుంది. పోటీలో కారు దెబ్బతింటే బాగుచేయించుకునేది సొంత జేబులోంచే. ఆ మాట ఇంట్లో ముందే చెప్పి ఒప్పించాలి.

అనంతగిరి ఘాట్‌లో రాత్రి ప్రాక్టీసు అనే మాటను మాత్రం ఏ కోణంలోనూ సమర్థించలేం. శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కే ఆ దారి బస్సులది, లారీలది, సంతకు నడిచివెళ్లే గిరిజనులది, పశువులది. మలుపు అవతల ఏముందో తెలియదు, మంచు దిగితే ఇవతల ఉన్నదీ కనబడదు. సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లోనూ ఇదే పరిస్థితి. నిలవనీటిలో చెయ్యి ఆడించడం రానివాడు బారువ దగ్గర సముద్రంలోకి దూకినట్టే ఈ ప్రాక్టీసు. పైగా అక్కడ తీసిన టైముకు విలువే లేదు: ఎదురుగా లారీ వస్తే ఆగాల్సిందే, ఆగకపోతే అది నేరం.

ప్రమాదం మాటకు బదులు చెప్పకుండా ఈ వాదన నిలవదు. అనుమతి ఉన్న పోటీల్లోనూ ప్రాణాలు పోయాయి. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బార్మేర్ దగ్గర జాతీయ ర్యాలీలో, పోటీ దారిలోకి వచ్చిన బైకును కారు ఢీకొని ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. దారి మూయడమంటే కాగితం మీద కాదు, ప్రతి కాలిబాట దగ్గరా మనిషిని నిలబెట్టడమని ఆ ఘోరం చెబుతోంది. అందుకే కొత్తగా మొదలుపెట్టే జిల్లాలో కొండదారి చివరి మెట్టు కావాలి. మొదటి మెట్టు ప్రహరీ ఉన్న మైదానంలో ఆటోక్రాస్.

చట్టం కూడా ఈ క్రీడకు పూర్తిగా అడ్డు కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 189వ సెక్షన్, రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో రేసు లేదా వేగ పరీక్ష జరిపితే నేరమంటుంది. 2019 సవరణ తరవాత మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు. గట్టిగానే ఉంది, ఉండాలి కూడా. కానీ అనుమతి అనే తలుపును ఆ సెక్షనే తెరిచి ఉంచింది. ఆ తలుపు తట్టే క్లబ్బు మన జిల్లాల్లో కావాలి.

తెలుగు నేల మీద ప్రభుత్వం భారీ ప్రదర్శనకు తలుపు తెరిచింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల వీధి సర్క్యూట్‌లో 'ఫార్ములా ఈ' కరెంటు కార్ల పందెం జరిగింది. 2024 పోటీ రద్దయింది. ఆ ఏడాది డిసెంబరులో ఆ పోటీ చెల్లింపుల మీద అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టింది. కేసు ఎలా తేలినా, ఒకటి మాత్రం కళ్ల ముందే ఉంది: ఆ హంగామా వల్ల ఉత్తరాంధ్ర కుర్రాడు నేర్చుకోవడానికి ఒక్క మైదానమూ రాలేదు. జాతీయ పోటీలు జరిగే ట్రాక్‌లలో మనకు దగ్గరిది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, 1990లో కట్టింది. శ్రీకాకుళం నుంచి సుమారు 900 కిలోమీటర్లు.

మైదానాలు లేక కాదు. బొబ్బిలి గ్రోత్ సెంటర్, పైడిభీమవరం పారిశ్రామికవాడల్లో సెలవు రోజు వాడుకోదగ్గ చదునైన స్థలం వెతికితే దొరక్కపోదు. రాజాం, టెక్కలి, విజయనగరంలలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. విద్యార్థులు సొంతంగా వాహనం తయారుచేసి నడిపే బాహా పోటీలో హిల్ క్లైంబ్ ఒక పరీక్షగానే ఉంటుంది, కాబట్టి ఆ ఆవరణలకు ఈ విద్య పరాయిది కాదు. చెన్నై వాళ్లు కూడా ఇరుంగాట్టుకోట్టై కట్టకముందు షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమాన పట్టీ మీదే దశాబ్దాలు పందేలు నడిపారు. పెద్ద వసతుల కోసం ఆగనక్కర్లేదని మన నేలే చూపింది: ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. బరువులెత్తడం ఆడపిల్లల పని కాదన్న రోజుల్లో, పెద్ద స్టేడియం లేని చోటు నుంచి.

కాబట్టి రెండు జిల్లాల కలెక్టర్లకూ, క్రీడాధికారులకూ చేసే విన్నపం ఇది: మూడు నెలలకొక ఆదివారం ఒక ప్రహరీ ఉన్న స్థలం, ఒక అంబులెన్స్, ఒక రాతపూర్వక అనుమతి ఇవ్వండి. ఉత్సాహమున్న కుర్రాళ్లు పది మంది కలిసి సంఘంగా రిజిస్టరు చేసుకుని, దేశంలో మోటారు క్రీడలను నడిపే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ నియమాలు చదివి, ఆ అనుమతి కోసం దరఖాస్తు పెట్టండి. అందాకా సైలెన్సర్ కోసం దాచిన డబ్బుతో బ్రేక్ ఆయిల్ మార్పించండి, టైర్లు చూపించండి, అనంతగిరిని బస్సులకు వదిలెయ్యండి.