యాప్ వచ్చింది సరే, పీఈటీ సార్ ఏడీ?



ఏజెన్సీ బడుల్లో పీఈటీ పోస్టుల గురించి అడిగితే ఈ మధ్య ఒక జవాబు వినబడుతోంది. "ఇప్పుడన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా తమ్ముడూ, యాప్ చూసి ఆడిస్తే సరిపోతుంది" అని. సరిపోతుందా? మాట్లాడుకుందాం.

నేను యాప్‌కి వ్యతిరేకిని కాదు. ఖేలో ఇండియా యాప్ 2019లో వచ్చింది, ఫిట్ ఇండియా యాప్ 2021లో. ఆటల నియమాలు ఉంటాయి, పిల్లల ఫిట్‌నెస్ కొలిచే పద్ధతి ఉంటుంది. చిన్న పిల్లలకి ఒంటికాలిపై నిలబడటం, పెద్ద పిల్లలకి 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, పుషప్స్. గూడెం పిల్ల ఎంత వేగంగా పరిగెత్తిందో పై వాళ్లకి అంకెల్లో తెలిస్తే మనకే మంచిది. రాజస్థాన్ ఆదివాసీ కుర్రాడు లింబారాం విల్లు పట్టి మూడు ఒలింపిక్స్ ఆడాడు. అలాంటి వాళ్లు మన దగ్గరా ఉన్నారు, చూసే కన్నే లేదు.

కానీ యాప్ చూసేది సెకన్లని. పిల్లని కాదు.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివాను. ఎనిమిదో తరగతిలో ఒక రోజు పొద్దున్నే పరుగుకి లైన్లో నిలబడ్డాం. పీఈటీ సార్ నా పక్కోణ్ని బయటికి పిలిచి, కింది కనురెప్ప లాగి చూశారు. "నువ్వు పరిగెత్తొద్దు, స్టాప్‌వాచ్ పట్టుకో" అన్నారు. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే వాడికి సికిల్ సెల్ అని తేలింది. ఈ జబ్బున్న పిల్లల్ని ఎండలో, నీళ్లు తాగించకుండా, ఊపిరాడనంతగా పరిగెత్తిస్తే ఒళ్లంతా నొప్పులొచ్చి ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజు సార్ బదులు ఫోన్ ఉంటే? వాడు పరిగెత్తేవాడు. "ఇంకా మెరుగుపడాలి" అని మార్కు వచ్చేది.

ఇప్పుడు చట్టం చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆటస్థలం ప్రతి బడికీ ఉండాలి. వ్యాయామం నేర్పే పార్ట్‌టైం బోధకుడు మాత్రం 6 నుంచి 8 తరగతులున్న బడిలో, అదీ పిల్లలు 100 దాటితేనే. మన గూడేల్లో వందమంది పిల్లలున్న బడులెన్ని? ఒకే టీచరు అన్ని తరగతులూ చెప్పే చోట ఆ ఫోన్ ఎవరు పట్టుకోవాలి, పిల్లల్ని ఎవరు చూడాలి? అంటే మనిషిని ఇవ్వనక్కర్లేదని చట్టం వదిలేసిన చోటే, మనిషి బదులు యాప్ అంటున్నారు. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సింది కూడా అక్కడే.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. ఖాళీ పీఈటీ పోస్టులు నింపాలి. చిన్న బడులుంటే నాలుగైదింటికి కలిపి అయినా ఒక పీఈటీని ఇవ్వాలి, ఫోన్ ఆయన చేతికివ్వాలి. 600 మీటర్ల పరుగు పెట్టేముందు ప్రతి పిల్లకీ సికిల్ సెల్, రక్తహీనత పరీక్షలు అయ్యాయో లేదో చూడాలి. 2023 నుంచి సికిల్ సెల్ నిర్మూలనకి జాతీయ మిషన్ నడుస్తోంది, ఆ కార్డుని ఆటల పీరియడ్‌తో కలపడానికి కష్టమేముంది? యాప్ నెట్ లేకుండా పనిచేయాలి, కోయలో, గోండిలో, కువిలో మాట్లాడాలి. పిల్లల ఫొటోలు, కొలతలు ఎక్కించే ముందు తల్లిదండ్రులకి వాళ్ల భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. బాగా పరిగెత్తిన పిల్ల పేరు యాప్‌లోనే ఉండిపోకుండా క్రీడా పాఠశాల దాకా చేరాలి.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయండి. ఈ వారం మీ ఊరి బడికి వెళ్లండి. ఆటస్థలం ఉందా, ఆడించే మనిషి ఉన్నాడా, పిల్లలకి రక్తపరీక్ష అయిందా అని అడగండి. జవాబు రాసుకుని స్కూల్ యాజమాన్య కమిటీలో, గ్రామసభలో పెట్టండి.

మన పిల్లలకి పరుగు నేర్పక్కర్లేదు, వాగులూ గుట్టలూ ఎప్పుడో నేర్పాయి. పడిపోతే పట్టుకునే మనిషి కావాలి.

జోహార్!