పెద్దల చేతికి పని, మాటకు విలువ

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలోనూ, కొల్లేటి లంకలలోనూ ఏ వీధి అరుగు చూసినా వృద్ధులే కనబడుతున్నారు. పిల్లలు బతుకుతెరువుకు హైదరాబాదుకో, గల్ఫుకో పోయారు. భర్తను పోగొట్టుకున్నవారు కొందరు, చేతికందిన కొడుకును పోగొట్టుకున్నవారు మరికొందరు. ఆపైన చక్కెర జబ్బు, మోకాళ్ల నొప్పులు, కంట్లో పొర. "ఇంక మాకేముంది నాయనా, కృష్ణా రామా అనుకోవడమే" అన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. పెద్దలచేత ఆ మాట అనిపిస్తున్నది మనమే.

గుంటూరు జిల్లాలో తెనాలి వైపు గుడివాడ అనే పల్లె ఉంది. కృష్ణా జిల్లా గుడివాడ వేరు, ఇది వేరు. ఆ పల్లెకు చెందిన కర్రె మస్తానమ్మ చిన్న వయసులోనే భర్తను కోల్పోయింది. అయిదుగురు బిడ్డలలో నలుగురు పోయారు. కూలి చేసుకుని బతికింది. 2016లో మునిమనుమడు ఆమె వంటను చిత్రీకరించి యూట్యూబులో పెట్టాడు. అప్పటికే ఆమె నూరేళ్లు దాటిన మనిషి. పొలం గట్టున కట్టెల పొయ్యి మీద ఆమె చేసే వంటను లక్షలాది మంది చూశారు. 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి దేశదేశాలలో ఆమె పేరు తెలుసు.

బందరులో 1929లో పుట్టిన చిలుకూరి శాంతమ్మ భౌతికశాస్త్ర ఆచార్యురాలు. తండ్రి పసితనంలోనే పోయారు. తరువాత భర్తా పోయారు. మోకాళ్లకు శస్త్రచికిత్స జరిగింది. అయినా తొంభై దాటిన వయసులో, చేతికర్రల సాయంతో, విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్లి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

ఒకరు కూలి తల్లి, ఒకరు ఆచార్యురాలు. పోయినవారు తిరిగి రాలేదు, జబ్బులూ పోలేదు. కాని ఇద్దరికీ "నువ్వు రావాలి, నువ్వు చెప్పాలి" అనేవారు ఉన్నారు. వారిని నిలబెట్టినది అదే.

మన ప్రాంతంలో అటువంటి విద్యలు తక్కువా? ఏలూరు తివాచీ నేత పెద్దల వేళ్లకు తెలుసు. లంకలలో వల అల్లడం, తాటిదోనె నడపడం, చేపలు ఎండబెట్టడం వారికి తెలుసు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే కొల్లేరు ఎంత ఎక్కుతుందో, ఉప్పుటేరు ఎంత లాగుతుందో వారు కళ్లారా చూసినవారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద లంకలను చుట్టుముట్టింది. అటువంటి వేళ పనికివచ్చేది వారి అనుభవం. దానిని ముందుగా అడిగి రాసిపెట్టుకుంటే ఊరికే మేలు.

పని అంటే కూలి అని కాదు. ఆకలికి తాళలేక డెబ్బయి ఏళ్ల మనిషి మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకోవలసి రావడం ఊరికి సిగ్గుచేటు. 2024 జులై నుంచి వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది. అది మందులకు, బియ్యానికి ఆసరా. కన్నవారిని చూడని బిడ్డలను నిలదీయడానికి 2007 నాటి చట్టం ఉంది. రెవిన్యూ డివిజనల్ అధికారికి అర్జీ పెట్టుకుంటే భరణం ఇప్పించవచ్చు. ఈ సంగతి పల్లెలలో చాలామందికి తెలియదు. సచివాలయ సిబ్బంది పింఛను చేతిలో పెట్టేటప్పుడే ఈ మాట కూడా చెప్పాలి.

ఇవి కాక చేయవలసినవి మరి మూడు. ప్రతి బడిలోనూ వారానికి ఒక గంట ఊరి పెద్దకు ఇవ్వాలి. లంక గ్రామాలకు నెలలో ఒక తేదీ ఖాయం చేసి రక్తపోటు, చక్కెర, కంటి పరీక్షలు ఊళ్లోనే జరిపించాలి. ముసలివారిని దోనెలు, ఆటోలు ఎక్కించి ఏలూరు తిప్పడం తగదు. ఇక మూడవది ఇంటివారి వంతు. భోజనం పెట్టి పక్క గదిలో కూర్చోబెడితే బాధ్యత తీరిపోదు. ఊరగాయ పాళ్లకైనా, పెళ్లి సంబంధానికైనా ముందు వారిని ఒక మాట అడగాలి. దీనికి ప్రభుత్వం నిధులు ఇవ్వనక్కరలేదు.